మంజులవల్లి పెదవులు కలిసిన చోటు

సినిమా రీళ్ళు అతికే పనిలో నేను నలభై ఏళ్ళకు దగ్గరగా ఉన్నాను. మొదట ఊరూరా తిరిగే టెంటులో, తరువాత తిరుపతిలో ఒక పక్కా హాల్లో, చివర ఫిలింలు పంచే ఆఫీసులోని చెకింగు గదిలో. ఆ గదిలో ఈ మధ్య చేరిన ఆడపిల్లలు ముగ్గురు మా ఇంటికి వచ్చి, "అవ్వా, నీకు తెలిసింది రాసి పెట్టు" అని అడిగారు. నేను చదివింది మూడో తరగతి. వాళ్ళకు అది తెలుసు. తెలిసీ అడిగారు కాబట్టి రాస్తున్నాను.

జీతం ఎప్పుడు పెరిగిందో, పెద్ద కుర్చీ ఎప్పుడు ఇచ్చారో రాయను. అవి చదివితే మీ చేతికి ఏ విద్యా రాదు. నేను చేసిన ఒక తప్పు, దాన్ని దిద్దుకున్న తీరు రాస్తాను. అది యుద్ధం జరుగుతున్న రోజుల్లో, నలభైల మొదట్లో జరిగింది. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు.

పని అంటే ఏమిటి

మా నాయన టెంటులో మెషిన్ నడిపే ఆపరేటరు. మెషిన్ లోపల మండే కార్బన్ కడ్డీల వెలుగును ఏళ్ళ తరబడి చూసి చూసి ఆయన కళ్ళు మసకబారాయి. మెషిన్ తిప్పడానికి కళ్ళు లేకపోయినా చెవులతో నెట్టుకొచ్చేవాడు. తెగిన ఫిలిం అతకడానికి మాత్రం కళ్ళు కావాలి. ఆ పని నాకు వచ్చింది.

ఫిలింకు ఒక వైపు బొమ్మ ఉండే మందు పూత, ఇంకో వైపు నున్నటి గాజులాంటి వైపు. అతికేముందు మందును సన్నగా గీకాలి, తడి పెట్టాలి, సిమెంటు అనే జిగురు రాయాలి, నొక్కి పట్టి పది లెక్కపెట్టాలి. తొమ్మిదికి వదిలితే ఆట మధ్యలో తెగుతుంది. ఏ వైపు మందో తెలియకపోతే కింది పెదవికి తాకించాలి. అంటుకునేది మందు వైపు. ఇప్పుడు మీరు ట్యూబులైటు కింద కూర్చుని చేస్తున్నారు. అప్పటి ఫిలిం దీపం దగ్గర పెడితే భగ్గున అంటుకునేది. అందుకని పగలే, ఆకాశం వైపు పట్టుకుని చూసుకుంటూ చేసేవాళ్ళం.

ఇంకొకటి చెప్పాలి. కోసిన ముక్కను నేను ఎప్పుడూ పారేయలేదు. చిటికెడంత ముక్క కూడా ఏదో ఒక చోట అతుక్కు పనికొస్తుంది. ఒక బిస్కట్ల డబ్బా పెట్టుకుని అన్నీ దాంట్లో వేసేదాన్ని. పిసినారి అని నన్ను అందరూ ఎగతాళి చేసేవాళ్ళు. చేసుకోనీ అనుకునేదాన్ని.

సత్యవేడులో తిరగబడిన అక్షరాలు

మా టెంటు యజమానిని అందరూ నాయుడన్న అనేవాళ్ళు. నోరు పెద్దది, మనిషి న్యాయస్తుడు. యుద్ధం వల్ల టాకీ మెషిన్‌కు సౌండు వాల్వు దొరక్కపోతే ఆయన చేతులు ముడుచుకుని కూర్చోలేదు. పాత మెషిన్‌తో పాటు ఎప్పుడో వచ్చి మూలన పడి ఉన్న ఒక మూకీని బయటికి తీయించాడు. పేరు 'మంజులవల్లి'. అంతకు ముందు నాటకంగా ఆడిన కథ. మాటలు వినపడవు కాబట్టి, ఎవరైనా మాట్లాడగానే ఆ మాట నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో పడుతుంది. మళ్ళీ బొమ్మ వస్తుంది.

కథ చిన్నది. మంజులవల్లి కుమ్మరి వాళ్ళ పిల్ల. దివాను కొడుకు ఆమెను ప్రేమించి, నాయన అనుమతి తీసుకుని వస్తానని వెళ్ళి ఏడేళ్ళు రాడు. అక్కడ ఇంకో పెళ్ళి చేసుకుంటాడు. ఆ భార్య పోయాక తిరిగి వచ్చి మంజులవల్లి గుమ్మం ముందు నిలబడి చేయి చాస్తాడు. ఆమె ఒక మాట అంటుంది. అని, వెనక్కి తిరిగి, సారె దగ్గర కూర్చుని మట్టి ముద్ద పెట్టి తిప్పుతుంది. అంతటితో బొమ్మ అయిపోతుంది.

ఈ బొమ్మకు పక్కన నిలబడి కథ చెప్పడానికి నాయుడన్న మునిరత్నాన్ని పెట్టాడు. మునిరత్నం ఒకప్పుడు నాటకాల్లో హార్మోనియం వాయించినవాడు. గొంతు కంచు.

సత్యవేడులో ఆట పెట్టిన రోజు హడావుడిగా అక్షరాల ముక్క ఒకటి అతికాను. పెదవికి తాకించి చూడలేదు. తెర మీద అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడ్డాయి. ఆ ఊళ్ళో సగం మంది తెలుగువాళ్ళు, సగం మంది అరవవాళ్ళు. తెలుగువాళ్ళు అది అరవం అనుకున్నారు. అరవవాళ్ళు అది తెలుగు అనుకున్నారు. "మా వూర్లో మాకు తెలుగు బొమ్మ ఎయ్యవా?" అని ఒకడు లేచాడు. "ఇదేందబ్బా, మీ తెలుగే గదా, సదువుకోండి" అని ఇంకొకడు. రెండు వైపులా అరుపులు రేగాక, ముందు వరసలో ఉన్న బడి అయ్యవారు తల పక్కకు వంచి చూసి, "ఒరే, ఇది తెలుగే. బోర్లా పడి ఉండాది" అన్నాడు. టెంటంతా నవ్వు.

నాయుడన్న మరుసటి రోజు నా ముందు కూర్చుని, "సదివేది పదిమంది, నవ్వేది వూరంతా. ఆ అక్షరాలన్నీ కోసెయ్ మే. మునిరత్నం నోరుండాది, సాలు" అన్నాడు.

కోశాను. తప్పు చేసినదాన్ని, ఎదురు చెప్పే ముఖం లేదు. కోసినవన్నీ బిస్కట్ల డబ్బాలో వేశాను.

అక్షరాలు పోయాక కథ మొత్తం మునిరత్నం చేతిలోకి వెళ్ళింది. తరువాత వెళ్ళిన ఐరాలలో చివరి ఘట్టం వచ్చినప్పుడు అతను, "ప్రాణనాథా, క్షమించితిని, మీ పాదములే నాకు శరణము అని కాళ్ళ మీద పడిపాయె!" అని గొంతు వణికిస్తే ఆడవాళ్ళు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. తెర మీద మంజులవల్లి ఎక్కడా కాళ్ళ మీద పడలేదు. వెనక్కి తిరిగింది. దానికి మునిరత్నం, "సిగ్గుతో లోపలికి పరిగెత్తె" అని సర్దాడు. సారె తిప్పడానికి కూడా ఏదో ఒకటి చెప్పాడు. నాకు ఎక్కడో మనసులో గుచ్చుకుంది. అయినా నోరు విప్పలేదు.

పుత్తూరులో లేచి నిలబడిన మనిషి

పుత్తూరులో మూడు రోజులు ఆట. అప్పటికి మద్రాసు నుంచి సౌండు వాల్వు వచ్చేసింది. మూకీ ఇక అక్కరలేదు. పాత ఫిలింలు కరిగించి వెండి తీసేవాడు ఒకడు మద్రాసులో ఉన్నాడు. మూడో రోజు ఆట కాగానే డబ్బాలు అతనికి పంపుతానని నాయుడన్న మాట ఇచ్చేశాడు.

రెండో రోజు ఆటలో, మునిరత్నం "ప్రాణనాథా" అనగానే ఆడవాళ్ళ వైపు నుంచి ఒకామె లేచి నిలబడింది. సన్నటి మనిషి, నలభై దాటి ఉంటుంది. విరిగిన చేతికి వెదురు బద్దలతో పుత్తూరు కట్టు కట్టి ఉంది.

"ఆపండ్రా! నేను ఆ మాట అనలేదు" అంది.

"ఎవురమ్మా నువ్వు? కూసో" అన్నాడు మునిరత్నం.

"ఆడ నిలబడిండేది నేనేరా. ఆ మంజులవల్లి నేనే."

టెంటు గొల్లుమంది. "ఆమె పిల్ల. నువ్వు అవ్వ!" అని మగవాళ్ళ వైపు నుంచి ఒకడు అరిచాడు. "నువ్వు గూడా అప్పుడు తొట్లో ఉన్నింటావు లేరా" అని ఆమె తిరిగి అరిచింది. ఆ మాటకు ఇంకా నవ్వారు. ఆమె కూర్చోకుండా బయటికి వెళ్ళిపోయింది.

తెల్లవారాక మా దగ్గరికే వచ్చింది. నేను నీడన రీలు చుడుతున్నాను. నా ముందు కూలబడి, "నా పేరు తులసమ్మ" అంది.

నాటకంలో మంజులవల్లి వేషం ఆమెదే. అది చూసే సినిమావాళ్ళు మద్రాసు పిలిపించుకున్నారు. ఎండలో నిలబెట్టి, మాట వినపడకపోయినా ప్రతి మాటా పైకి అనమన్నారు. తీసింది ఆమె ఎప్పుడూ చూడలేదు. నాటకాల జట్టుతో తిరిగిన ఊళ్ళలో ఆ బొమ్మ పడలేదు. తరువాత వేషాలే లేవు. చేయి విరిగి కట్టు కోసం పుత్తూరు వస్తే, వీధిలో ఈ బొమ్మ దండోరా వినిపించింది.

"ఏమన్నావక్కా, ఆ చివర?" అని అడిగాను.

ఆమె వెన్ను నిటారుగా పెట్టి, నాటకపు గొంతుతో అంది: "నీకై ఎదురు చూచినది నేను కాదు. అది ఏనాడో చనిపోయినది."

అని, మామూలు గొంతుతో, "ఆ మాట కోసమే ఆ వేషం ఒప్పుకున్న్యాను మే. స్టేజీ మీద అన్న్యాను. ఇంట్లో మా ఆయన తొమ్మిదేండ్ల తర్వాత తిరిగొచ్చి తలుపు తడితే, ఆడ గూడా అదే అన్న్యాను. నా చేత కాళ్ళు పట్టించినారే మీరు" అంది.

నేను కోసిన అక్షరాల వల్లనే ఇదంతా జరిగింది అని నాకు అప్పుడు తెలిసింది. సాయంత్రం ఆటే ఆఖరు. ఆ తరువాత ఆ బొమ్మ ఈ భూమ్మీద ఉండదు. ఇంకో ప్రింటు ఎక్కడైనా ఉందని మేము ఎవరమూ వినలేదు.

డబ్బాలో దొరికింది

నాయుడన్న విని గడ్డం గోక్కున్నాడు. మునిరత్నానికి కోపం వచ్చింది. "నా సొంతంగా సెప్పినానా అన్నా? అక్షరాల్లో అట్లనే ఉన్నింది. కోసేదానికి ముందు సదివినా" అన్నాడు.

"అయితే అక్షరాల్లో ఏముంటే అదే. మే నాంచారీ, ఎతుకు" అన్నాడు నాయుడన్న నాతో.

బిస్కట్ల డబ్బా బోర్లించాను. ఒక్కొక్క ముక్కా ఆకాశానికి ఎత్తి కూడబలుక్కుని చదివాను. పొద్దు బారెడు ఎక్కాక దొరికింది. తులసమ్మకు చదువు రాదు. వేషాలన్నీ విని నేర్చుకున్నవే. "ఏముండాది మే?" అని నా నోటి వైపు చూస్తూ అడిగింది.

దాచకుండా చదివాను. "ప్రాణనాథా! క్షమించితిని. మీ పాదములే నాకు శరణము."

"సూసినారా?" అన్నాడు మునిరత్నం.

తులసమ్మ కట్టు కట్టిన చేతిని ఇంకో చేత్తో పట్టుకుని కూర్చుంది. తరువాత, "నన్ను అట్లా అనమని, ఈడ ఇట్లా రాసుకున్న్యారు" అంది మెల్లగా. ఎవరూ నమ్మినట్టు లేరు. నిజం చెప్పాలంటే నాకూ సందేహమే. పదిహేనేళ్ళ నాటి మాట. మనిషి తనకు కావలసినట్టు గుర్తు పెట్టుకుని ఉండవచ్చు.

ఆ ముక్క ఎక్కడి నుంచి కోశానో చూడడానికి చివరి రీలు విప్పాను. నా అతుకు వెతుక్కుంటూ భూతద్దంలో చూస్తుంటే, మంజులవల్లి మాట మొదలుపెట్టే చోట ఆమె నోరు తెరిచి ఉంది. అక్కడ నా వేళ్ళు ఆగాయి. 'ప్రాణనాథా' అనాలంటే ముందు పెదవులు మూయాలి కదా.

మూడో తరగతిలో మా అయ్యవారు బెత్తం పట్టుకుని నేర్పింది ఇదే: ప ఫ బ భ మ, పెదవులు కలిస్తేనే పలికే అక్షరాలు. ఆయన మా పెదవులకు అడ్డంగా పుల్ల పెట్టి అనమనేవాడు. రాదు. నేను చిత్తూరు జిల్లా బోర్డు బడిలో నేర్చుకున్న చదువంతా ఆ పూట అక్కరకు వచ్చింది.

ఒక్కొక్క బొమ్మా వేలి మీద జరుపుతూ చూశాను. నోరు తెరిచే ఉంది. గుండ్రమవుతుంది, సాగుతుంది, పళ్ళు కనపడతాయి. కలవదు. ఎంత దూరం జరిపినా కలవదు. దాదాపు చివరికి వచ్చాక ఒక్కసారి పెదవులు రెండూ కలిశాయి. వెంటనే విడిపోయాయి. అంతే. మాట అయిపోయింది.

నేను లేచి, "నాయుడన్నా, నీ పెదాల మీద ఏలు పెట్టుకోని, అక్షరాల్లో ఉండేది అను" అన్నాను.

"నాకు పని లేదా మే?"

"అను అన్నా."

ఆయన మీసాల కింద వేలు పెట్టుకుని "ప్రాణనాథా" మొదలుపెట్టాడు. మా నాయన కళ్ళు కనపడకపోయినా తనూ వేలు పెట్టుకున్నాడు. మునిరత్నం కూడా. ముగ్గురు మగవాళ్ళు పట్టపగలు టెంటు బయట కూర్చుని, పెదవుల మీద వేళ్ళతో 'ప్రాణనాథా ప్రాణనాథా' అని గొణుగుతుంటే, నీళ్ళకు పోయే ఆడవాళ్ళు బిందెలు దించి చూశారు.

"ఆరు తూర్లు కలిసినాయి" అన్నాడు మా నాయన.

"ఇప్పుడు తులసక్క మాట అను."

మా నాయనే అన్నాడు. నీకై ఎదురు చూచినది నేను కాదు. అది ఏనాడో చని... "పో కాడ ఒక్క తూరే!" అని మోకాలి మీద కొట్టుకున్నాడు.

నేను భూతద్దం, ఫిలిం నాయుడన్న చేతికి ఇచ్చాను. ఆయన ఎండకు ఎత్తి చూశాడు. మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు చూశాడు. మునిరత్నానికి అందించాడు. మునిరత్నం చూసి, దించి, తులసమ్మ ముందు చేతులు జోడించాడు.

"తప్పయిపాయె తల్లీ. రాసినోడు మోసం జేసినాడు, నేను మోసపోయినా."

"కానీ జనం ఐరాల్లో ఏడ్చినారే మునిరత్నం" అన్నాడు నాయుడన్న. "మాట మారిస్తే ఈడ టెంటు పీకుతారేమో."

"పీకితే కుట్టుకుందాం. ఆ కాడ నేను నోరు మూసుకుంటా. ఆమెనే సెప్పమను" అన్నాడు మునిరత్నం.

మునిరత్నం గురించి మీకు ఒక్క మాట చెప్పాలి. నా పనిలో నేను ఎంతోమంది పెద్దలను చూశాను. తప్పు బయటపడ్డాక గొంతు పెంచేవాళ్ళే ఎక్కువ. పక్కా హాలు మేనేజరు ఒకడు, తన మాట తప్పని తేలిన ప్రతిసారీ పనివాళ్ళలో ఒకరిని మార్చేవాడు. తన గొంతు మీద బతికేవాడు, ఆ గొంతునే ఆపుకుంటానన్నది నేను ఈ ఒక్కసారే చూశాను.

ఆఖరి ఆట

చివరి రీలు పరిస్థితి బాగాలేదు. ఎండిపోయి వంకర్లు తిరిగింది. మెషిన్ చక్రాల పళ్ళకు పట్టే అంచు రంధ్రాలు చాలా చోట్ల చిరిగిపోయాయి. పొద్దు వాలేలోపు చేయాలి. అన్నం తినలేదు. ప్రతి ముక్కా పెదవికి తాకించి, గీకి, తడిపి, పది లెక్కపెట్టి వదిలాను. మిగతా అక్షరాల ముక్కలన్నీ వాటి వాటి చోట్ల అతికాను. ఆ ఒక్కటి మాత్రం అతకలేదు. దాని బదులు ఖాళీ కూడా పెట్టలేదు. మంజులవల్లి నోటి బొమ్మ తెగకుండా సాగేటట్టు అటూ ఇటూ కలిపిన నా పాత అతుకునే మళ్ళీ గట్టి చేశాను.

ఆఖరి ఆటకు ఇంకా వెలుగు ఉండగానే జనం నిండారు. నిన్నటి గొడవ ఊరంతా పాకింది కదా. తులసమ్మ ఆడవాళ్ళ వైపు ముందు ఇసుకలో కూర్చుంది. బొమ్మ మొదలైనప్పటి నుంచి రెప్ప వేయలేదు. తన పదిహేనేళ్ళ కిందటి ముఖాన్ని చూస్తూ అప్పుడప్పుడు పక్కనున్న ఆమెతో, "ఆ చీర నాదే" అని, "ఆడ కాలు కాలింది నాకు, ఇసుక ఎండకు" అని చెబుతూ ఉంది.

నేను మెషిన్ పక్కన నిలబడి అతుకుల చప్పుడు వింటున్నాను. అతుకు మెషిన్‌లో పోయేటప్పుడు టక్ అంటుంది. ప్రతి టక్కునూ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నాను.

దివాను కొడుకు గుమ్మం ముందుకు వచ్చాడు. చేయి చాచాడు. మునిరత్నం గొంతు ఆపి, రెండు అడుగులు వెనక్కి వేశాడు. మా నాయన చెవితో విని మెషిన్ వేగం కొంచెం తగ్గించాడు. టెంటులో మెషిన్ తిరిగే చప్పుడు తప్ప ఏదీ లేదు. మంజులవల్లి నోరు తెరిచింది.

తులసమ్మ కూర్చున్న చోటు నుంచే అంది. గట్టిగా ఏమీ అనలేదు. అయినా టెంటు చివరి దాకా వినపడింది.

"నీకై ఎదురు చూచినది నేను కాదు. అది ఏనాడో చనిపోయినది."

తెర మీద పెదవులు కలిసిన చోటనే ఆమె పెదవులు కలిశాయి. నేను చూశాను. తెరనూ చూశాను, ఆమెనూ చూశాను.

"ఏందబ్బా ఇది, కాళ్ళ మీద పడాల గదా!" అని మగవాళ్ళ వైపు నుంచి ఒకడు.

"నువ్వు పడు పోరా!" అని ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో. ఆ వైపంతా నవ్వు, ఆ వెంటనే ఏడుపు. మంజులవల్లి వెనక్కి తిరిగి సారె తిప్పింది. మునిరత్నం ఒక్క మాట కలపలేదు. కుండ మెల్లగా పైకి లేచింది. ఫిలిం అయిపోయే దాకా అందరూ ఆ కుండనే చూశారు. రీలు మొత్తంలో ఒక్క అతుకు తెగలేదు.

జనం వెళ్ళాక తులసమ్మ మెషిన్ దగ్గరికి వచ్చింది. ఏదో గొప్ప మాట అంటుందనుకున్నాను. "ఎవురో గాని మే, ఆ పిల్ల బాగా జేసింది" అని, కట్టు చేయి కొంగులో పెట్టుకుని బస్సుకు వెళ్ళిపోయింది.

డబ్బాలు కట్టిన రోజు

మీకు చెప్పదలచుకున్నది ఇక్కడ ఉంది. మరుసటి రోజు డబ్బాలు మద్రాసుకు పంపాలి. కరిగించేవాడికి ఏ రీలు ముందో ఏది వెనకో పట్టింపు లేదు. గోనెలో కుక్కి పంపినా తీసుకుంటాడు. అయినా నేను ఏడు రీళ్ళూ మళ్ళీ విప్పి చుట్టాను. అంచులు సమంగా, వదులు లేకుండా, మొదలు పైకి వచ్చేటట్టు. వేళ్ళ మధ్య ప్రతి అతుకునూ తడిమి చూశాను. బలహీనంగా ఉన్నవి రెండు తీసి మళ్ళీ అతికాను. 'ప్రాణనాథా' ముక్కను నీళ్ళలో నానబెట్టి అక్షరాలు గీకేసి, ఆ ఖాళీ ఫిలింను టాకీ రీలుకు ముందు తోకగా వాడుకున్నాను. వృథా చేయడం నాకు రాదు.

డబ్బాల మీద నంబర్లు వేసి, తాడు కడుతుంటే నాయుడన్న వచ్చి నిలబడ్డాడు.

"కరిగించేదానికి ఇంత ముస్తాబు ఎందుకు మే? వాడు మూత గూడా తీసి సూడడు."

"తీసి సూస్తే, ఆమె మాట ఆమెదిగానే ఉండాల గదన్నా" అన్నాను.

ఆయన నవ్వలేదు. వంగి, తాడు రెండో కొస పట్టుకున్నాడు. నేను ముడి బిగించాను.